కాఫీ మర మీద నిఘా

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువేమీ కాదు, ఉండవలసినంత ఉంది. చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా పని చేసిన మనిషికి ఆ మాత్రం లేకపోతే ఎలా? పైకి పసుపుపచ్చగా మెరిసే బెల్లం అచ్చును పగలగొడితే లోపల నల్లటి మడ్డి ఉండేది. తెల్లటి బెల్లాన్ని చూసి కొనడానికి వచ్చినవాళ్లు మురిసిపోతుంటే, అది అంత తెల్లబడడానికి పాకంలో ఏం పోశారో నాకు తెలిసి ఉండేది. పొద్దంతా అలాంటి సరుకు మధ్య కూర్చుని సాయంత్రం ఇంటికి వచ్చాక, చేతికిచ్చిన కాఫీని కళ్లు మూసుకుని తాగమంటే నావల్ల అయ్యేది కాదు.

కాఫీలో నా అనుమానమంతా చికోరీ మీద. అదొక గడ్డ. ఎండబెట్టి, వేయించి, పొడి కొట్టి కాఫీలో కలుపుతారు. రంగు వస్తుందని, చిక్కగా ఉంటుందని కొందరు కావాలనే కలిపించుకుంటారు. వాళ్ల ఇష్టం వాళ్లది. నాకు మాత్రం ఆ చేదు పడదు. పొడి తెచ్చిన ప్రతిసారీ గాజు గ్లాసులో చన్నీళ్లు పోసి, పైన చిటికెడు పొడి చల్లి, కిటికీ వెలుతురులో పెట్టి చూసేదాన్ని. అసలైన కాఫీ పైన తేలుతుంది. చికోరీ ఎర్రటి తోకలు వదులుతూ అడుగుకు దిగుతుంది. బంధువుల ఇళ్లలో కూడా ఈ పని చేసి ఒకరిద్దరితో చెడగొట్టుకున్నాను. మా ఆడబిడ్డ అయితే నేను వస్తున్నానని తెలిస్తే చాలు, కాఫీ పొడి డబ్బా దాచేసి టీ పెట్టేది.

బజారు వీధిలో మేము గింజలు ఆడించుకునే అంగడి ఒకటి ఉండేది. గింజలు అక్కడే వేయించి, అడిగిన పాళ్లలో కలిపి, మన ఎదుటే మరలో పోసి ఇచ్చేవారు. ఎదుటే కదా, ఇంకేం అనుమానం అంటారేమో. ఉన్నది ఒకే మర. చికోరీ కావాలన్నవాళ్లకు గింజలతోపాటు చికోరీ ముక్కలు కూడా అందులోనే పోసేవారు. మర పళ్ల మధ్య మిగిలిపోయిన చికోరీ తర్వాత వచ్చినవాళ్ల పొట్లంలోకి చేరేది. ఈ సంగతి చిత్తూరులో కాఫీ తాగే ప్రతివాళ్లకూ తెలుసు. అందుకని చికోరీ మనిషి పొట్లం తీసుకుని మెట్లు దిగగానే ఆ అంగట్లో ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చేది.

"మీరు పోయించుకోండి సార్, నాకేం తొందర లేదు" అని ఒకరు.

"అయ్యో, మీరు ముందొచ్చినారు కదా, కానీండి" అని ఇంకొకరు.

బస్సు సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు విసిరే మనుషులు వాళ్లంతా. మర ముందు మాత్రం పెళ్లివారిలా ఒకరినొకరు బతిమాలుకునేవాళ్లు. ఎవరో సంగతి తెలియని కొత్తవాళ్లు వచ్చి గింజలు పోయించుకునేదాకా ఎవరూ కదిలేవాళ్లు కాదు.

ఆ అంగడికి నాతోపాటు మా అత్త వచ్చేది. ఆమె మా దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అంతకు ముందు సూళ్లూరుపేటలో పెద్దకొడుకు దగ్గర ఉండేది. పెద్దకోడలు చెడ్డమనిషి కాదు. మహా శుభ్రం. ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటు, ఒక పద్ధతి. "మీరు ముట్టుకోవద్దత్తా, నేను చేస్తా కదా" అనేది. మిక్సీ ముట్టుకోవద్దు, గ్యాసు ముట్టుకోవద్దు, ఫ్రిజ్ తలుపు మీరు వేయవద్దు. పెళ్లయిన నాటినుంచి ఒక పెద్ద కుటుంబానికి వండి వార్చిన మనిషి, ఆ ఇంట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పైగా ఏది పాడైనా ముందు చూపు ఆమె మీదికే పోయేదట. గిన్నె మాడితే ఆమే, గ్లాసు పగిలితే ఆమే. ఈ మాటలు ఆమె నాతో ఎప్పుడూ నేరుగా చెప్పలేదు. వేరే సంగతులు మాట్లాడుతుంటే మధ్యలో జారి పడేవి.

మా ఇంటికి వచ్చాక కూడా "ఈ గరిటె తీసుకోనా?" అని అడిగేది. "ఈ కూర నేను చెయ్యనా?" అనేది. ఈ వంటింట్లో అయినా తనకు చెయ్యి ఆడే చోటు నిలుస్తుందా, లేక ఇక్కడ కూడా ఏదో ఒకరోజు ముట్టుకోవద్దనే మాట వినబడుతుందా అన్నదే ఆమె బెంగ. నాకది తెలుస్తూనే ఉండేది. కానీ సొంతింట్లో మనిషికి 'ముట్టుకో' అని ఎలా చెప్తారో నాకు తెలియలేదు. ఉదయం ఎనిమిదిన్నరకల్లా మండీకి పరిగెత్తేదాన్ని, సాయంత్రం వచ్చేసరికి చిరాకు. మా మధ్య మాటలు అవసరానికి మించి సాగేవి కావు.

మాకిద్దరికీ కుదిరింది ఆ కాఫీ అంగట్లోనే. అనుమానంలో ఆమె నాకు తీసిపోదు. నేను త్రాసు దగ్గర నిలబడితే ఆమె మర మూతి దగ్గర నిలబడేది. "ముందర ఒక గుప్పెడు గింజలు పోసి, వచ్చిన పొడి పక్కన పారేయి నాయనా. మిగిలింది మళ్లా పొయ్యి" అనేది. అంగడాయన మొహం మాడ్చుకుని పోసేవాడు. ఇంటికి తిరిగి వస్తూ ఇద్దరమూ ఆయన మీద చెప్పుకోని మాట ఉండేది కాదు. "ఆ పక్కకు తిరిగినప్పుడు ఏమో కలిపినాడు, సూసినావా?" అని ఆమె. "చూశాను, అందుకే పొట్లం మళ్లీ విప్పించాను" అని నేను. ఇంటికి చేరేసరికి ఇద్దరికీ మనసు తేలికగా ఉండేది.

ఒక ఆదివారం ఇంత కాపలా కాసి తెచ్చిన పొడి కూడా గ్లాసులో ఎర్రటి తోక వదిలింది. ఒకే ఒక్క తోక. నాకు ఒళ్లు మండిపోయింది. ఇక గింజలు తెచ్చుకుని ఇంట్లోనే ఆడించుకుంటామని ఆ పూటే తీర్మానం చేశాను.

"దేంట్లో ఆడిస్తావు?" అన్నాడు మా ఆయన. కాఫీ విషయంలో ఆయన మాటకు విలువ లేదు. వేడిగా ఉండి, తియ్యగా ఉంటే చాలు, ఆయన కషాయమైనా తాగేస్తాడు.

మిక్సీలో వేసి చూశాను. సగం గంధంలా, సగం నూకల్లా వచ్చింది. గంధం ఫిల్టరు కన్నాలకు అడ్డం పడింది, నూకల మధ్యలోంచి నీళ్లు జారిపోయాయి. డికాషన్ కమురు వాసన కొట్టింది. చిత్తూరులో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల అంగడికి వెళ్లి, కాఫీ గింజలు ఆడించే మెషిన్ ఉందా అని అడిగితే గుండ్రటి డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత తీసి లోపలికి చూశాను. రెండు రెక్కల బ్లేడు. చట్నీ చేసే మిక్సీకి చెల్లెలు.

"ఇది కోస్తుంది, నలపదు" అన్నాను.

"పొడి అవుతుందా లేదా, అది కదా మేడం మీకు కావాల్సింది" అన్నాడు. ఆ మాటతో ఆ అంగడి మీద నమ్మకం పోయింది.

నాకు కావలసింది అంగట్లో ఉండే పెద్ద మరలాంటిదే, ఇంటికి సరిపోయేంత చిన్నది. అందులో రెండు ఇనుప చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. వాటికి పళ్లుంటాయి. గింజ ఆ రెంటి మధ్య పడి నలుగుతుంది. చక్రాలను దగ్గరికి జరిపితే మెత్తగా, దూరం జరిపితే బరకగా, ఎలా కావాలంటే అలా, అంతా ఒకే తీరుగా పొడి పడుతుంది. అలాంటివి కోయంబత్తూరు నుంచి తెప్పించి అమ్మే ఆయన తిరుపతిలో బస్టాండుకు అవతలి వీధిలో ఉన్నాడని మండీలో ఒకాయన చెప్పాడు. చెప్పినాయనకు ఇందులో ఏమైనా ముడుతుందా అని కూడా ఆలోచించాను.

మా అత్తకు బస్సు పడదు. పూతలపట్టు దాటేలోపే వాంతి చేసుకుంటుంది. అందుకని మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. వేయించిన గింజలు సొంతవి, చేతిరుమాల్లో మూటకట్టుకుని వెళ్లాను. అంగడి వాళ్లు చూపించడానికి వేరే మంచి గింజలు పెట్టుకుంటారని నాకు తెలుసు.

అంగడాయన నుదుట నామం, మెడలో చిన్న తువ్వాలు. మాట మెత్తన. మాట మెత్తగా ఉన్నవాళ్ల దగ్గర నేను ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటాను. బల్ల మీద ఒక మెషిన్ బిగించి పెట్టి ఉంది. దాన్ని ఆడించి చూపించబోయాడు.

"అది వద్దు. మాకు ఇచ్చేది ఏదో, దాన్నే డబ్బాలోంచి తీసి ఆడించండి" అన్నాను.

"అన్నీ ఒకటే మేడం."

"ఒకటే అయితే ఇంకా మంచిది."

తీశాడు. నా గింజలు పోశాను. పొడిని రెండు వేళ్ల మధ్య నలిపి చూశాను. వేడెక్కిందేమోనని చెంపకు ఆనించుకున్నాను. ఆడేటప్పుడు వేడెక్కితే వాసన అక్కడే పోతుంది, ఇంటికొచ్చేది ఉత్త నలుపే. వేడెక్కలేదు. చక్రాన్ని ఒక మెట్టు తిప్పించి మళ్లీ ఆడించమన్నాను. ఉప్మా రవ్వ కంటే సన్నం, మైదా కంటే బరక. నేను అడిగిందానికల్లా ఆయన విసుక్కోకుండా చేశాడు. విసుక్కోకపోవడం కూడా నాకు నచ్చలేదు. అమ్మకం జరిగేదాకా అందరూ ఓపికగానే ఉంటారు.

డబ్బాకు కట్టడానికి తాడు కావలసి వచ్చి పక్క అంగడికి వెళ్లాను. మెషిన్‌ను కనిపెట్టుకుని ఉండమని మా ఆయనకు చెప్పాను. నేను తిరిగి వచ్చేసరికి ఆయన వీధిలో నిలబడి ఎవరో తెలిసిన మనిషితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మెషిన్ అప్పటికే డబ్బాలోకి వెళ్లిపోయింది. మూత అంటించి ఉంది. చిత్తూరు దాకా నేను ఆయనతో మాట్లాడలేదు.

ఇంట్లో అలమర కింది అరలో మెషిన్ పెట్టాను. మా అత్త దూరంనుంచే చూసింది. "బాగుండాది" అంది. మర్నాడు సోమవారం. ఆఫీసు నుంచి వచ్చాక మొదలుపెడదామని చెప్పి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి మెషిన్‌కు పసుపు, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. గింజలు ఆడించాను. మెషిన్ కొంచెం మూలిగినట్టు అనిపించింది, కానీ పొడి పడింది. మర్నాటి కాఫీ కోసం ఫిల్టరులో పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి పడుకున్నాను.

తెల్లారి చూస్తే కింది గిన్నెలో అరచెంచా డికాషన్ కూడా లేదు. పైన పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. చెంచాతో కలిపితే గంజిలా సాగింది. తాగి చూస్తే కాఫీ కాదు, ఇంకేదో. చక్రాలు మరీ దగ్గరగా ఉన్నాయేమోనని రెండు మెట్లు దూరం జరిపి మళ్లీ ఆడించాను. మళ్లీ అదే గంజి. గ్లాసులో చన్నీళ్లు పోసి పొడి చల్లాను. చికోరీ అయితే ఎర్రగా దిగాలి. ఇది తెల్లగా దిగింది, మబ్బులా. అలాంటిది నేను ఎన్నడూ చూడలేదు.

"కొత్తది కదమ్మా. నాలుగు దినాలు పోతే అదే సరిపోతుంది" అంది మా అత్త.

"కొత్తదైతే ఇంకా బాగా ఉండాలి కదా" అన్నాను. ఆమె ఆ గంజి కాఫీనే తాగేసి, గ్లాసు కడిగి బోర్లించింది.

ముందు గింజల అంగడి మీద పడ్డాను. వేయించేటప్పుడు గింజలకు మెరుపు రావడానికి ఏదో పూస్తున్నారని నా అనుమానం. బెల్లానికి చేసేవాళ్లు కాఫీకి చేయరా? అంగడి మెట్ల మీదే నిలబడి అడిగేశాను. ఆయన త్రాసు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"ఇన్ని నెలలుగా మీరూ మీ అత్తా నా మర ముందర నిలబడి కాపలా కాసినారు. నేను ఒకనాడన్నా ఒక మాట అన్నానా తల్లీ?" అని, నా చేతిలోని గింజలే తీసుకుని తన మరలో పోసి పొట్లం కట్టి ఇచ్చాడు. ఆ పొడితో డికాషన్ నల్లగా, చుక్క చుక్కగా, చక్కగా దిగింది. అంటే గింజల్లో తప్పు లేదు.

తర్వాత మా ఆయన. నేను లేనప్పుడు దాంట్లో మిరియాలో, ధనియాలో ఆడించావా అని నిలదీశాను. "నేను వంటింట్లోకి నీళ్లకు తప్ప ఎప్పుడన్నా వచ్చినానా?" అన్నాడు. అది నిజమే. ఇక మిగిలింది తిరుపతి ఆయనే. నేను తాడుకు వెళ్లినప్పుడు మంచి మెషిన్ తీసేసి, ఎవరో వాడి వాపసు ఇచ్చిన దాన్ని డబ్బాలో పెట్టాడు. అంతా స్పష్టంగా కనిపించింది. అన్నాల దగ్గర ఆ మాటే చెప్పి, "ఎవరు చేసి ఉన్నా సరే, తేలాక నేను ఊరుకోను" అన్నాను. నా గొంతు సహజంగానే పెద్దది. కోపం వస్తే వీధి చివరి దాకా వినబడుతుంది.

మా అత్త ఆ పూట సరిగా తినలేదు. మజ్జిగ కూడా వద్దంది. చెయ్యి కడుక్కుని వచ్చి, "తిరుపతికి నేనూ వస్తా" అంది.

"మీకు బస్సు పడదు కదత్తా?"

"నిమ్మకాయ పెట్టుకుంటాలే."

ఆ శనివారం మండీకి సెలవు పెట్టి ఇద్దరమూ బయలుదేరాం. మెషిన్ నా ఒళ్లో, నిమ్మకాయ ఆమె ముక్కు దగ్గర. కాణిపాకం మలుపు దగ్గర బస్సు ఖాళీ అయింది. ఆమె నిమ్మకాయ తీసి, "ఆ అంగడాయన ఎట్లాంటోడు?" అని అడిగింది.

"మంచోడైతే ఇలాంటిది అంటగడతాడా?"

"పిల్లలుగలోడేమో. గట్టిగా మాట్లాడొద్దమ్మా, పది మందిలో."

"మాట్లాడతాను. మాట్లాడకపోతే ఇంకో పది మందికి అంటగడతాడు."

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. ఒకసారి కాదు, చంద్రగిరి వచ్చేలోపు రెండు మూడు సార్లు నోరు తెరిచి మూసుకుంది. వాంతి వస్తోందేమోనని నేను కండక్టరును అడిగి కిటికీ పక్క సీటు మార్పించాను.

అంగట్లో అప్పటికే ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నేను డబ్బా బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. అంగడాయన స్క్రూలు విప్పి, చక్రాలను వేరు చేశాడు. పళ్ల మధ్య గోడకు సున్నం కొట్టినట్టు తెల్లటి ముద్ద బిగుసుకుని ఉంది. గోటితో గీరి, వాసన చూశాడు.

"ఇంట్లో దీంట్లో బియ్యం ఎవురు ఆడించినారు మేడం?"

"బియ్యమా? మా ఇంట్లో పిండికి బియ్యం మిల్లుకు పంపిస్తాం. మీరే ఎవరికో చూపించడానికి బియ్యం ఆడించి, ఆ మెషిన్ మాకు కట్టిపెట్టారు. నేను తాడు కొనడానికి వెళ్లినప్పుడు మార్చారు. కాదని చెప్పండి చూద్దాం."

ఆయన మొహం ఎర్రబడింది. "మేడం, నేను వెంకన్న సామి సాక్షిగా..."

"సామిని ఎందుకు మధ్యలోకి తెస్తారు? మెషిన్ సంగతి చెప్పండి." చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. ఒకాయన తను కొందామని చేతిలో పట్టుకున్న మెషిన్‌ను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. నాకు గెలిచినట్టే అనిపించింది.

"ఆయన్ని ఏమీ అనొద్దమ్మా" అంది మా అత్త వెనకనుంచి. "నేనే."

నాకు అర్థం కాలేదు. "మీరేంటి?"

"నేనే ఆడించినాను. బియ్యం." ఆమె నా వైపు చూడలేదు. అంగడాయనతో చెప్తున్నట్టే చెప్పింది. "కొత్త రోలు తెస్తే తొలుత ఏం చేస్తారు నాయనా? రాతి పొడి పోవాలని తవుడన్నా, బియ్యమన్నా వేసి రుబ్బి పారబోస్తారు కదా. తొలి పిండి మనిషి తినరాదు. ఇవి ఇనుప రాళ్లు. ఇనుప రజను కాఫీలోకి దిగితే బిడ్డలు ఏం కావాల? అందుకని ఆమె ఆఫీసుకు పోయినాక, బియ్యం కడిగి, నీడన ఆరేసి, రెండు తూర్లు ఆడించి కాకులకు పోసినాను. ఇట్లవుతుందని తెలీదు. రోలైతే రెండు మూడు దినాలకు అదే సరిపోతుంది, ఇదీ సరిపోతుందిలే అనుకుంటిని."

అదీ సంగతి. కడిగిన బియ్యంలో మిగిలిన తడికి పిండి పళ్ల మధ్య ముద్ద కట్టింది. ఆ తర్వాత ఆడించిన ప్రతి గింజతోపాటూ కొంచెం కొంచెం రాలి, ఫిల్టరులో మరిగే నీళ్లు తగలగానే గంజి అయింది. కన్నాలు మూసుకుపోయాయి. ఊళ్లో సగం మందిని అనుమానించిన నాకు, ఆ పసుపు కుంకుమ కళ్లెదుటే ఉన్నా, ఆమె దాన్ని ఆడించి ఉంటుందని మాత్రం తోచలేదు. ఆమె ఏదీ అడగకుండా ముట్టుకోదు కదా.

అంగడాయన నవ్వాడు. కోపం దిగిన మనిషి నవ్వు అది, పెద్ద తప్పేమీ కాదు. "ఇది రోలా పెద్దమ్మా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. మా అత్త కూడా నవ్వబోయింది. కుదరలేదు.

ఆయన ఒక బ్రష్ తీసుకుని పళ్లన్నీ గీరి, తుడిచి, చక్రాలు బిగించాడు. డబ్బా నా వైపు జరుపుతూ, గొంతు తగ్గించి చెప్పాడు. "మీరే ఆడించుకోండి మేడం. పెద్దోళ్లను దీని జోలికి రానీకండి. కరెంటుది, తెలీక ఏదో ఒకటి చేస్తారు."

గొంతు ఎంత తగ్గించినా అది చిన్న అంగడి. నేను ఏదైనా అనేలోపే మా అత్త అంది: "ముట్టుకోనులే నాయనా. ఇంక దాన్ని ముట్టుకోను."

ఎవరూ అడగకుండానే అంది. పాఠం అప్పజెప్పినట్టు అంది. ఎన్నిసార్లు చెప్పి ఉంటే ఆ మాట అంత నున్నగా వస్తుందో అనుకున్నాను. నా కోపం కట్టలు తెంచుకుంది. అంగడాయన మీద, నవ్వినవాళ్ల మీద, సూళ్లూరుపేటలో ఉన్న ఒక ఫ్రిజ్ తలుపు మీద కూడా.

"ఒక మాట చెప్పప్పా" అన్నాను. "ఈ చక్రాల్లో ఇనుప రజను ఉండదా?"

"ఉండదు మేడం. అంటే... ఫ్యాక్టరీలో పళ్లు పట్టినప్పుడు కొంచెం ఉంటుంది. తొలిసారి ఆడించిన పొడి పారేస్తే పోతుంది."

"కాఫీ గింజలే ఆడించి పారేయాలి, అంతేనా?"

"అంతే."

"మరి ఆ మాట అమ్మేరోజు ఎందుకు చెప్పలేదు? నేను గంటసేపు నిన్ను అడగని ప్రశ్న లేదే. ఆ రోజు నీ అంగట్లో ఆడించింది పట్టుమని గుప్పెడు గింజలు. నువ్వు చెప్పలేదు, నాకు తోచలేదు. ఆమెకు తోచింది. పోసింది బియ్యం కావడం ఒక్కటే తేడా. దానికి నవ్వుతారా?"

ఆయన నవ్వడం మానేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక వస్తువు తీసి చూడడం మొదలుపెట్టారు.

"నేను పొద్దున్నే ఆఫీసుకు పోయే మనిషిని. మా ఇంట్లో దీన్ని ఆడించేది ఆమె. చెప్పేదేదో ఆమెకు చెప్పు. నాకెందుకు చెప్తావు?" అని డబ్బాను మా అత్త వైపు జరిపాను.

ఆమె అలాగే నిలబడింది. నేను ఆయన్ని దెప్పడానికి అన్నానా, నిజంగానే అన్నానా అని చూస్తోంది. ఆమె అనుమానం నాకు తెలుసు. వెళ్లి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

ఆమె మెల్లగా బల్ల దగ్గరికి జరిగింది. "మళ్లా ఒకతూరి విప్పు నాయనా. సూస్తా" అంది.

ఆయన విప్పాడు. ఆమె చక్రాన్ని చేతిలోకి తీసుకుని, పళ్ల మీద వేలు పెట్టి చుట్టూ రాసి, వేలిని వెలుతురులో పెట్టి చూసింది. రెండో చక్రమూ అలాగే చూసింది. ఇక మొదలుపెట్టింది. ఇది ఇనుమా ఉక్కా? నీళ్లు తగిలితే తుప్పు పడుతుందా? మెత్తగా కావాలంటే యాటికి తిప్పాల? ఒకేసారి ఎన్ని గింజలు పోయొచ్చు? చిక్కుకుంటే ఏం చెయ్యాల? నువ్వు చెప్పేది నిజమేనా, ఇంకోసారి చెప్పు. ఆయన చెమట తుడుచుకుంటూ అన్నిటికీ జవాబు చెప్తున్నాడు. ఒక జవాబు ఆమెకు నచ్చక రెండుసార్లు అడిగింది.

నాకు ఏడుపొచ్చింది. కంట్లో నలుసు పడిందని చెప్పే రకం కాదు నేను. ఏడుపే. పైట చెంగుతో తుడుచుకున్నాను.

అంగడాయన చక్రాలు బిగించి, తన గింజల డబ్బాలోంచి గుప్పెడు తీసి మెషిన్‌లో పోసి, "ఇట్ల సూడండి పెద్దమ్మా" అంటూ స్విచ్ వేయబోయాడు.

"నువ్వుండు నాయనా" అని ఆమే వేసింది.